కొండ చుట్టూ తిరిగిన లారీ

జడ్జి గోర్డన్ హెల్విగ్ సంతకాలు నిలబడే చేస్తారు. ఛాంబర్లో కిటికీ పక్కన ఛాతీ ఎత్తు బల్ల ఒకటి అందుకోసమే చేయించుకున్నారు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ బండి బానెట్ మీద కాగితం పరిచి సంతకం పెట్టిన మనిషి. కల్నల్‌గా దిగిపోయి, ఫెడరల్ కోర్టులో నల్ల గౌను వేసుకుని పంతొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. సెక్రటరీ డొరీన్ కుడిపక్కన నిలబడి ఆర్డర్ల అట్ట తెరుస్తుంది. ఆయన పేరు గీస్తారు. ఆవిడ తిప్పుతుంది. ఇద్దరికీ మాటలతో పని లేదు.

ఆ శుక్రవారం అట్టలో పన్నెండు ఆర్డర్లున్నాయి. సెప్టెంబరు ఇరవై ఏడు. సోమవారంతో నెల అయిపోతుంది, ఆయన పూర్తికాలపు కొలువూ అయిపోతుంది. మంగళవారం నుంచి సీనియర్ జడ్జి. అంటే ఇష్టమైనంత పని, జీతం మాత్రం యథాప్రకారం. కిందటివారమే చిత్రకారుడు వచ్చి ఆయన బొమ్మకి చివరి మెరుగులు దిద్ది వెళ్ళాడు. వచ్చే నెల పదకొండున దాన్ని కోర్టు హాల్లో తగిలిస్తారు.

"ఏడోది ఒక్కసారి చదువుతారా సర్?" అంది టెస్ కోవాచ్, తలుపు దగ్గర నిలబడి. ఆగస్టులో చేరిన లా క్లర్కు. పాతికేళ్ళుంటాయి. ఆర్డర్లు రాసి పెట్టేది ఆ అమ్మాయే.

"నమూనా ప్రకారమే రాశావు కదా?"

"నమూనా ప్రకారమే సర్."

"మరింకేం," అని ఏడోదాని మీద కూడా సంతకం పెట్టేశారు.

ఆ నమూనాకి ఛాంబర్లో ఒక పేరుంది. దాన్ని 'సెప్టెంబరు' అంటారు. ఏటా రెండుసార్లు, మార్చి ఆఖర్నా సెప్టెంబరు ఆఖర్నా, ఆరు నెలలు దాటినా తేలని పిటిషన్లు ఏ జడ్జి దగ్గర ఎన్ని మూలుగుతున్నాయో వాషింగ్టన్ వాళ్ళు పేర్లతో సహా అచ్చు వేస్తారు. జీవితాంతం ఊడని ఉద్యోగం వీళ్ళది. దేశాధ్యక్షుడైనా సరే వీళ్ళని కదపలేడు. అలాంటివాళ్ళు ఆ జాబితాకి మాత్రం బడిపిల్లలు మార్కుల కాగితానికి భయపడ్డట్టు భయపడతారు. అందుకని నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చేస్తారు. తేలనిదాన్ని తేల్చడానికే ఆ నమూనా. 'తగిన పత్రాలు జతచేయలేదు గనుక తిరస్కరించడమైనది. పత్రాలతో మళ్ళీ దాఖలు చేసుకొనవచ్చును.' రెండు వాక్యాలు. పిటిషన్ జాబితాలోంచి పోతుంది, మనిషి వరుసలో మళ్ళీ చివరికి పోతాడు.

హెల్విగ్ పేరు ఆ జాబితాలో ఇంతవరకూ ఎక్కలేదు. ఒక్కసారి కూడా.

"సోమవారం పొద్దున్నే కంప్యూటర్లోకి ఎక్కిస్తాను," అంది డొరీన్ అట్ట మూసి. "ఇవాళ నా ఓవెన్ దగ్గర నాకు పనుంది."

*

నెలలో ఆఖరి శుక్రవారం జ్యూరీ గదిలో అందరూ కలిసి భోంచేస్తారు. డొరీన్ వంటకం ఎప్పుడూ ఒకటే. అడుగున వేయించిన మాంసం, పుట్టగొడుగుల సూపు, పైన వరసగా పేర్చిన బంగాళాదుంప ఉండలు, అన్నీ కలిపి ఓవెన్లో కాల్చింది. పాతికేళ్ళుగా అదే తింటున్నా ఈ డకోటా ప్రాంతంలో ఎవరూ దానికి వంక పెట్టరు. పెడితే బతకనివ్వరు.

ఆ రోజు రెండు గంటలు కారు నడుపుకుంటూ చీఫ్ జడ్జి ప్రూయిట్ కూడా వచ్చాడు. బొమ్మ తగిలించే రోజు మాట్లాడవలసింది ఆయనే. కాగితం కూడా రాసుకొచ్చాడు.

"ఇది వినండి," అన్నాడు ప్రూయిట్, గడ్డం తుడుచుకుని. "'పంతొమ్మిదేళ్ళు, ముప్ఫై ఎనిమిది జాబితాలు. మా గోర్డన్ పేరు ఒక్కదాంట్లో లేదు.' ఎలా ఉంది? నా పేరు కిందటిసారి పదకొండు పిటిషన్లతో ఉందయ్యా. మా ఆవిడ ఇంటర్నెట్‌లో చూసి, ఇంట్లో పనులకి కూడా ఓ జాబితా వేసింది."

అందరూ నవ్వారు. సెక్యూరిటీ లైల్ గ్లాసు ఎత్తాడు. నీలం కోటు వేసుకుని కింద ద్వారం దగ్గర నిలబడే ఈ లైల్ ఒకప్పుడు సార్జెంటు. అందుకే జడ్జిని జడ్జి అనడు.

"కల్నల్ గారూ, లారీ కథ చెప్పండి. ఈ అమ్మాయి వినలేదు."

"అందరికీ కంఠతా వచ్చేసిందయ్యా."

"అందుకే చెప్పమంటున్నాం."

హెల్విగ్ ఫోర్కు కింద పెట్టారు. చెప్పడం ఆయనకీ ఇష్టమే.

"కాన్సస్‌లో లెఫ్టినెంటుగా ఉన్నాను. జనరల్ తనిఖీకి వస్తున్నాడు. మా షెడ్డు నిండా విరిగిన సామాను, లెక్కకి ఎక్కనివి, లెక్కలో ఉండి పనిచెయ్యనివి. ఏం చెయ్యాలి? మా సార్జెంటు ఒక ఉపాయం చెప్పాడు. పనికిరానిదంతా ఓ లారీలోకి ఎక్కించు. డ్రైవర్ని కూర్చోబెట్టు. జనరల్ వెళ్ళిపోయేదాకా కొండ చుట్టూ తిప్పుతూ ఉండమను. షెడ్డు అద్దంలా ఉంటుంది."

"ఉంది కూడా," అందించాడు లైల్.

"ఉంది. జనరల్ నా భుజం తట్టి వెళ్ళాడు. మేమంతా బీరు తాగడానికి పోయాం. సాయంత్రం అయిదు దాటాక వంటవాడు, ఒక ప్లేటు మిగిలిందే అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు డ్రైవరు. తెల్లారి నాలుగింటికి బయల్దేరినవాడు. ఎవరూ ఆగమని చెప్పలేదుగా. డీజిల్ అయిపోయేదాకా తిరిగి, కొండ వెనకాల కూర్చున్నాడు పాపం, తిండీ నీళ్ళూ లేకుండా."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. ప్రూయిట్ కళ్ళు తుడుచుకున్నాడు.

"అతని పేరేంటి సర్?" అంది టెస్.

"ఎవరిది?"

"ఆ డ్రైవర్‌ది."

హెల్విగ్ నోరు తెరిచారు. పేరు వస్తుందనుకున్నారు, రాలేదు. "ఎప్పుడో నలభై ఏళ్ళ కిందటి మాట," అన్నారు. డొరీన్ రెండోసారి వడ్డించడం మొదలుపెట్టింది.

తిన్నాక, పళ్ళెం కడగడానికి ఆయన వంటగదిలోకి వెళితే టెస్ అప్పటికే అక్కడ సింకు దగ్గర ఉంది. ఆయన పళ్ళెం ఆయనే కడుక్కుంటారు. ఎవరైనా అందుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటారు.

"ఆ ఏడోది సర్. వాండల్ అనే ఖైదీది. గుండె జబ్బు, విడుదల అడుగుతున్నాడు. అది మూడోసారి."

"చేరి ఎన్ని వారాలైంది నువ్వు?"

"అయిదు."

"ఏటా రెండొందల మంది విడుదల అడుగుతారు. అందరికీ ఏదో ఒక జబ్బు ఉంటుంది. పత్రాలు పెట్టమన్నాం. పెట్టారా?"

"లేదు సర్. కానీ—"

"పెట్టలేదు." పళ్ళెం గట్టిగా బోర్లించారు. టెస్ తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆయనకి ఆ పిల్లమీద కోపం వచ్చింది. పేరు అడిగినందుకు వచ్చిందో, మూడోసారి అన్నందుకు వచ్చిందో ఆయన తేల్చుకోలేదు.

*

మిగతా జడ్జీలు వెనక లిఫ్టులో దిగి కారెక్కుతారు. హెల్విగ్ మెట్లు దిగి, అందరితోపాటు ముందు ద్వారంలోంచి వెళతారు. గౌను లేకపోతే ఆయన్ని ఊళ్ళో సగంమంది గుర్తుపట్టరు. పొట్టి జుట్టు, గోధుమరంగు జాకెట్టు, ఎవరో రిటైరైన పంపు మెకానిక్కులా ఉంటారు.

నాలుగున్నరకి దిగేసరికి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. కోటు విప్పలేదు. ఒళ్ళో పెద్ద గోధుమరంగు కవరు. ఆయన వైపు చూసింది, ఆ చూపు ఆగకుండా గోడ గడియారం మీదికి పోయింది.

లైల్ గొంతు తగ్గించాడు. "వాండల్ వాళ్ళ అక్క అండీ. రోజలీ. ప్రతి సెప్టెంబరూ వస్తుంది. ఆర్డరొచ్చిందా అని అడుగుతుంది. మూడుగంటల దారి. ఫోన్ చేస్తే ఉత్తరం కోసం చూసుకోమంటారు, ఉత్తరం ఏమో తమ్ముడి దగ్గరికి పోతుంది, వాడు చెప్పడానికి వాడి ఫోన్ వంతు రావాలి."

"ఆ కవరేంటి?"

"తమ్ముడి ఆసుపత్రి కాగితాలు తెమ్మన్నారుట. జైలువాళ్ళని అడిగితే, కోర్టు అడిగితే తప్ప ఇవ్వం అన్నారుట. ఇక్కడికొచ్చి అది చెబితే, ఖైదీయే జతచెయ్యాలి అన్నారు కౌంటర్లో. ఆ కవర్లో ఇటూ అటూ వాళ్ళు రాసిన ఉత్తరాలున్నాయి. నాకు చూపించింది. నేనేం చెప్పను, నాకేం తెలుసు?" అని నవ్వబోయి ఆగాడు. "నిరుడు కూడా ఇదే కోటు."

కేసులో ఒక పక్షంవాళ్ళతో జడ్జి విడిగా మాట్లాడకూడదు. పలకరించడానికి కూడా వీల్లేదు. హెల్విగ్ ఆవిడ ముందు నుంచే నడిచి వెళ్ళారు. తలుపు తీయగానే గాలి రివ్వున కొట్టింది, ఆవిడ కవరు మీద రెండు చేతులూ వేసి అదిమి పట్టుకుంది.

*

శనివారం పొద్దున ఏడింటికి ఆయన ఛాంబర్‌కి వచ్చారు. ఎందుకు వెళ్తున్నారని భార్య అడగలేదు. బల్ల సొరుగులు ఖాళీ చేసుకోవాలని ముందురోజే చెప్పి ఉన్నారు.

సొరుగులు తెరవలేదు. డొరీన్ ట్రేలోంచి అట్ట తీసి, ఏడో ఆర్డరు పైకి లాగారు. దాని నంబరు పట్టుకుని కిందకి వెళ్ళి, రికార్డు గదిలోంచి ఫైలు తనే తెచ్చుకున్నారు. కర్టిస్ వాండల్. పదహారేళ్ళ కిందట తనే వేసిన శిక్ష, ఇరవై నాలుగేళ్ళు. మత్తుమందు సరుకు ట్రక్కులో మోసినందుకు చట్టం అంతకంటే తగ్గనివ్వలేదు. ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశారు, వాళ్ళ అక్క కోటు తప్ప ఏమీ కళ్ళముందుకి రాలేదు.

మూడు పిటిషన్లూ నిలబడే బల్లమీద పక్కపక్కన పరిచారు. ఆ తర్వాత ఎత్తు స్టూలు ఒకటి లాక్కుని కూర్చున్నారు. చదవడానికి అక్కడ కూర్చోవడం ఆయనకి అదే మొదలు.

మొదటిది రెండున్నరేళ్ళ కిందటి ఫిబ్రవరిలోది. పెన్సిలుతో, అచ్చక్షరాల్లో, గీతల కాగితం మీద పదకొండు పేజీలు. గుండె మూడోవంతే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడట. మెట్లెక్కలేడు, పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోతున్నాడు. అక్క ఇంట్లో కింది గది ఖాళీ చేసి పెట్టింది. మా అక్క స్కూల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది, నన్ను చూసుకోగలదు. ఆసుపత్రి కాగితాలు నాకివ్వడం లేదు, దయచేసి మీరు అడగగలరు.

దయచేసి మీరు అడగగలరు. ఆ మాట నాలుగో పేజీలో ఉంది, కింద గీత గీసి ఉంది. దాని వెనకే, సెప్టెంబరు ఇరవై తొమ్మిదో తారీఖు వేసి, తన సంతకంతో రెండు వాక్యాలు.

రెండోది ఆ అక్టోబరులోనే వచ్చింది. అవే పదకొండు పేజీలు, మాట మారలేదు. అక్షరాలు మాత్రం పెద్దవయ్యాయి, గీత దాటి జారాయి. పెన్సిలు పెట్టి ఊపిరి తీసుకుని మళ్ళీ రాసినట్టు ఎక్కడికక్కడ చుక్కలు పడ్డాయి. నాలుగో పేజీలో రెండు గీతలు గీశాడు. దాని వెనక ఇంకో సెప్టెంబరు, ఇంకో సంతకం.

మూడోది వేరే చేతిరాత. గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ఆఖర్న చిన్నగా, 'వాండల్ చెప్పగా పక్క మంచం ఖైదీ రాసినది' అని ఉంది. వాండల్‌ది సంతకం ఒక్కటే. అది సంతకంలా లేదు, పురుగు పాకినట్టుంది. నాలుగో పేజీలో గీతలు లేవు. రాసినవాడికి ఆ సంగతి తెలియదు కాబోలు.

హెల్విగ్ తన మూడు సంతకాలూ చూశారు. మూడూ ఒక్కలా ఉన్నాయి, అచ్చుగుద్దినట్టు. మూడిట్లో ఒక్క పిటిషనైనా తను చదివిన గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, చదవలేదు. ఆ మాట తనకి తాను చెప్పుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నెలాఖర్న అట్టలో వస్తాయి, నాలుగు సెకన్లు, తిప్పడం. అంతే. యుద్ధంలో మనుషుల్ని పోగొట్టుకున్నప్పుడు కూడా ఇలా అనిపించలేదు ఆయనకి. అక్కడ కనీసం ఎదురుగా ఎవరో కాలుస్తున్నారు.

డ్రైవరు పేరు మళ్ళీ వెతుక్కున్నారు. సార్జెంటు పేరు వచ్చింది, జనరల్ పేరు వచ్చింది, వంటవాడి పేరు కూడా వచ్చింది. ఎర్రజుట్టు కుర్రాడు, లారీ దిగి సెల్యూట్ కొట్టాడు. తిప్పలు పెట్టినందుకు తిట్టలేదు. డీజిల్ అయిపోయింది, క్షమించండి సర్ అన్నాడు. ఈ ముక్క ఆయన కథలో ఎప్పుడూ చెప్పరు.

*

సోమవారం ఆయన వచ్చేసరికి డొరీన్ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"పదకొండే ఉన్నాయి సర్. ఏడోది ఏమైంది?"

"చింపేశాను. టెస్‌ని పిలువు."

టెస్ నోటుపుస్తకంతో వచ్చి నిలబడింది. శుక్రవారం తర్వాత ఆ పిల్ల ముఖం బిగుసుకునే ఉంది. హెల్విగ్ ఆమెని కూర్చోమని, తను కూడా కూర్చున్నారు.

"వాండల్‌ది. నేనిచ్చిన రెండు ఆర్డర్లూ కొట్టేస్తున్నాను. మొదటి పిటిషన్ దాఖలైన తారీఖుతోనే బతికున్నట్టు రాయి. ఆసుపత్రి రికార్డంతా రేపు మధ్యాహ్నంలోగా పంపమని జైలుకి ఆర్డరు. బుధవారం పదింటికి విచారణ. అతన్ని ఫోన్లో పెట్టించు, వకీలుని నియమించు, ప్రభుత్వ ప్లీడరుకి కబురు పెట్టు. అతని అక్కకి కౌంటరువాళ్ళ చేత చెప్పించు. మనం చెప్పకూడదు."

టెస్ రాసుకుంటోంది. డొరీన్ కళ్ళజోడు నుదుటిమీదికి తోసింది.

"బుధవారం అంటే రెండో తారీఖు సర్."

"అవును."

"ఆ పాత తారీఖుతో బతికితే అది రెండున్నరేళ్ళ పిటిషన్ అవుతుంది. ఇవాళ ముప్ఫై. జాబితాకెక్కుతుంది."

"తెలుసు."

"ఇవాళే విడుదల ఇచ్చేస్తే ఎక్కదు కదా?"

ఆ ఆలోచన శనివారమే వచ్చింది ఆయనకి. ఆదివారం చర్చిలో కూడా అదే ఆలోచన. "రికార్డు లేకుండా, ప్రభుత్వాన్ని వినకుండా ఇస్తే పైకోర్టు వారంలో కొట్టేస్తుంది. అప్పుడు మళ్ళీ వరుసలోకి. ఈసారి నాకోసం కాదు డొరీన్. కానివ్వండి."

మధ్యాహ్నం ప్రూయిట్ ఫోన్ చేశాడు. ఇలాంటి కబుర్లు కోర్టుల్లో ఆర్డర్లకంటే ముందు వెళతాయి.

"ఏంటయ్యా గోర్డన్, ఆఖరి రోజున ఈ పని? నేను కాగితంలో రాసుకున్నదంతా పాడు చేస్తావా?"

"ఆ వాక్యం కొట్టెయ్యి."

"నా పేరు ఎక్కినప్పుడు ఎవడూ చచ్చిపోలేదు, నీ పేరు ఎక్కినా ఎవడూ చావడు. కానీ నీకది ముఖ్యం కదా, అందుకంటున్నాను."

"నా పేరు ఎక్కకుండా ఉండడానికి చావబోతున్నాడు ఒకడు," అన్నారు హెల్విగ్. ఫోన్‌కి అవతల ప్రూయిట్ వాతావరణం గురించి ఏదో అని పెట్టేశాడు.

జైలు నుంచి రికార్డు మంగళవారం మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు. సోమవారం సాయంత్రం నాలుగూ పదికే ఈమెయిల్లో వచ్చింది. రెండువందల పద్నాలుగు పేజీలు. ఆర్డరు చేరిన మూడు గంటల్లో. టెస్ ముద్రించి తెచ్చి బల్లమీద పెట్టి, ఆ కట్ట పక్కనే ఒక్క క్షణం నిలబడింది. 

రాత్రి భోజనం చల్లారిపోయిందని భార్య ఫోన్ చేసేదాకా ఆయన చదువుతూనే ఉన్నారు. మొదటి పిటిషన్ నాటి డాక్టరు చీటీలో, సరైన సంరక్షణలో మూడేళ్ళు బతకవచ్చని ఉంది. ఆఖరి పేజీలో, వారాలు అని ఉంది.

*

బుధవారం కోర్టు హాల్లో రోజలీ వాండల్ మూడో వరసలో కూర్చుంది, అదే కోటుతో. హెల్విగ్ గౌనుతో లోపలికొచ్చి కూర్చోగానే ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, తలుపు వైపు చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది. గుర్తుపట్టింది.

జైలు ఆసుపత్రి నుంచి లైను కలిసింది. ముందు ఏదో యంత్రం బుస కొడుతున్న చప్పుడు, తర్వాత మనిషి గొంతు. రెండు మాటలకోసారి ఆగుతోంది.

"మిస్టర్ వాండల్, నేను జడ్జి హెల్విగ్‌ని. వినబడుతోందా?"

"వినబడుతోందండీ. ఒక మాట చెప్పొచ్చా? నా వకీలు వద్దన్నారు, అయినా..."

"చెప్పండి."

"క్షమించండి. మూడుసార్లూ కాగితాలు సరిగ్గా పెట్టలేకపోయాను. నాకు... అంత చదువు లేదు. మూడోసారి పక్కాయన బాగా రాశాడు. అందుకే ఈసారి విన్నారని చెప్పాను ఆయనకి. చాలా సంతోషించాడు."

స్టెనోగ్రాఫర్ వేళ్ళు ఆగాయి. ప్రభుత్వ ప్లీడరు తన ముందున్న కాగితం మీదికి వంగాడు. హెల్విగ్ బల్ల అంచు పట్టుకున్నారు. శనివారం నుంచి ఏవేవో మాటలు సిద్ధం చేసుకున్నారు. అవన్నీ ఇంత మర్యాదగల మనిషి ముందు పనికిమాలినవిగా కనబడ్డాయి.

"మీ కాగితాల్లో ఏ తప్పూ లేదు మిస్టర్ వాండల్. మొదటిసారి కూడా లేదు. మీరు అడిగింది నాలుగో పేజీలోనే ఉంది. గీత గీసి మరీ అడిగారు. తప్పు ఈ బల్ల దగ్గర జరిగింది. ఇది రికార్డులో రాయండి," అని స్టెనోగ్రాఫర్ వైపు చూశారు.

అవతల యంత్రం బుస. "అలాగాండీ," అన్నాడు వాండల్, ఏమనాలో తెలియనట్టు. "మరైతే... పక్కాయనకి ఏం చెప్పను?"

"బాగా రాశాడని చెప్పండి."

ప్రభుత్వ ప్లీడరు లేచి అభ్యంతరం లేదన్నాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. హెల్విగ్ విడుదల ఆర్డరు చదివారు. చదవడం పూర్తికాకముందే రోజలీ లేచి నిలబడింది. ద్వారం దగ్గర లైల్ అడుగు ముందుకేశాడు. హెల్విగ్ చెయ్యెత్తి ఆపారు.

"అంటే నేను తెచ్చుకోవచ్చా?" అంది ఆవిడ.

"ఈ రోజే తెచ్చుకోవచ్చమ్మా."

"తొమ్మిది గంటల దారి. మావాడి వ్యాన్‌లో పరుపు వేశాను." ఇంకా ఏదో అనబోయింది. శుక్రవారం నా ముందునుంచి వెళ్ళిపోయావే అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చిందనే ఆయనకి అనిపించింది. ఆవిడ కవరు చంకలో పెట్టుకుని, జడ్జి లేచేదాకా ఆగాలన్న మర్యాద కూడా చూడకుండా వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు.

*

మూడింటికి డొరీన్ జాబితా ఫారం తెచ్చి నిలబడే బల్లమీద పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఫారంలో సున్నా రాసి సంతకం పెట్టడమే. ఇవాళ ఒకటి అని ఉంది. కింద ఆలస్యానికి కారణం రాయవలసిన గడి. పక్కన అచ్చువేసిన కారణాల పట్టిక, ఒక్కోదానికీ ఒక అక్షరం.

"ఏ అక్షరం వెయ్యను?" అంది డొరీన్. "'పని భారం' ఉంది. 'సిబ్బంది కొరత' ఉంది." కాస్త ఆగి, వేలితో చూపించింది. "'పత్రాలు రావలసి ఉంది' అని ఉంది సర్. ఇది వేస్తే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు."

అబద్ధం కాదు. షెడ్డు శుభ్రంగా ఉందన్నదీ అబద్ధం కాదు.

హెల్విగ్ గడియారం చూశారు. రోజలీ పదిన్నరకి బయల్దేరి ఉంటుంది. ఇప్పటికి సగం దారి. పక్క రాష్ట్రం దాటుతూ ఉంటుంది, పెట్రోలుకి ఆగి ఉంటుంది, లేదా ఆగకుండా పోతూ ఉంటుంది. ఆవిడ చేరేసరికి తమ్ముడు కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడన్న భరోసా లేదని ఆ రెండువందల పద్నాలుగు పేజీలు చదివిన ఆయనకి బాగా తెలుసు. తెలిసినా, రోడ్డు మీద ఆ వ్యాన్ ఎక్కడుందో లెక్క కట్టడం మానలేకపోయారు.

"'ఇతర కారణాలు' ఉందా?"

"ఆఖర్న ఉంది. వేస్తే వివరం రాయాలి. ఎవరూ వెయ్యరు."

ఆయన ఆ ఎత్తు స్టూలు లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు. డొరీన్ ఆయన్ని అక్కడ కూర్చోగా చూడడం అదే మొదలు. ఫారం దగ్గరకి జరుపుకుని, ఆ చిన్న గడిలో పట్టేలా, ఒక్కో అక్షరం విడివిడిగా రాశారు.

డొరీన్ భుజం మీదుగా వంగి చదివింది. 'జడ్జి పిటిషన్ చదవలేదు' అని ఉంది.

 ఆ ఆర్డర్ల అట్ట ఇన్నేళ్ళూ తిప్పిన చెయ్యి ఆవిడదే. "ఇలాగే పంపనా?" అంది.

"ఇలాగే."

ఫారం తీసుకుని తన గదిలోకి వెళ్ళింది. కాసేపటికి స్కానర్ చప్పుడు వినబడింది. హెల్విగ్ లేవలేదు. ఫోను తన వైపు తిప్పుకుని, జైలు ఆసుపత్రి నుంచి ఏదైనా కబురొస్తే వినడానికి అలాగే కూర్చుండిపోయారు.